పాత బండి మీద పడిన నింద

బనగానపల్లెలో సరుకు తోలే బండి కొనాలని ఎవరైనా నోరు తెరిస్తే చాలు, ఒక సలహా వచ్చి పడుతుంది. "సెకనాండు జోలికి పోవద్దు సామీ. అది రోడ్డు మీద కంటే షెడ్డులోనే ఎక్కువ ఉంటాది. కొత్తది తీసుకో. కంతు అదే కట్టుకుంటాది." బస్టాండు టీ అంగట్లో ఇదే మాట. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ముందు బాడుగ కోసం నిలబడిన డ్రైవర్ల నోట ఇదే మాట. పెండ్లి పంక్తిలో పక్కన కూర్చున్న బంధువూ ఇదే అంటాడు. ఇంతమంది అంటున్నారంటే నిజమే అయి ఉంటుందని నమ్మినవాడు, రెండెకరాల పత్తి అమ్మిన సొమ్ము తీసుకుపోయి మొదటి చెల్లింపు కింద పోస్తాడు. ఆ తరువాత ఐదేళ్లు ఫైనాన్సు ఆఫీసుకు జీతగాడై బతుకుతాడు.

ఈ సలహా తప్పు. అందరికీ, అన్నిచోట్లా తప్పని నేననను. హైదరాబాదులో ఏడాది పొడుగునా ఒకే కంపెనీ సరుకు తోలే ఒప్పందం ఉన్నవాడు కొత్త బండే కొనుక్కోవచ్చు. కానీ బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల, ప్యాపిలి చుట్టుపక్కల ఒక్క బండిని నమ్ముకుని బతకాలనుకునే మనిషికి తగినది ఏ హంగూ లేని పాత పికప్పు. టాటా ఏసో, బొలెరో పికప్పో, దోస్తో, ఏదైనా సరే. కళ్లు తెరిచి, కాగితాలు చూసి, సొంత డబ్బుతో కొన్నదై ఉండాలి.

ముందు "కంతు అదే కట్టుకుంటాది" అన్న మాట తీసుకుందాం. బండి కంతు కట్టదు. మనిషి కడతాడు. కొత్త పికప్పు రోడ్డెక్కేసరికి 10 లక్షలు పడిందనుకోండి. చేతి నుంచి లక్షన్నర, ఫైనాన్సు ఎనిమిదిన్నర లక్షలు, వడ్డీ ఏడాదికి నూటికి 11, గడువు 5 ఏళ్లు. నెల కంతు సుమారు 18,480 రూపాయలు. అరవై కంతులూ కూడితే 11 లక్షల 9 వేలు దాటదు గానీ ఆ దగ్గరికి వస్తుంది. అందులో వడ్డీయే 2 లక్షల 59 వేలు. మన దగ్గర తిరిగే పాత టాటా ఏస్ ఒకటి ఆ వడ్డీ సొమ్ముకే దొరుకుతుంది. నెలకు 25 రోజులు బాడుగ దొరికితే రోజుకు 740 రూపాయలు కంతుకే తీసి పక్కన పెట్టాలి. డీజిలు, డ్రైవరు, టైర్లు, ఇన్సూరెన్సు వీటి లెక్క ఇంకా మొదలే కాలేదు. పని పన్నెండు రోజులే దొరికిన నెలలో ఆ 740 కాస్తా 1,540 అవుతుంది.

ఇటువైపు పాత బండి. 3 లక్షలు పెట్టి కొన్నామనుకుందాం. మరమ్మతులకు నెలనెలా 5,000 తప్పకుండా పోయిందనే అనుకుందాం. ఐదేళ్లలో అది ఇంకో 3 లక్షలు. మొత్తం 6. కొత్త బండికి అదే ఐదేళ్లలో పోయింది 12 లక్షల 59 వేలు. చివర్లో కొత్తది 4 లక్షలకు అమ్ముడుపోయి, పాతది లక్షకే పోయినా, కొత్తదాని మీద నికరంగా 8 లక్షల 59 వేలు, పాతదాని మీద 5 లక్షలు ఖర్చయినట్టు. "మరమ్మతు 5,000తో ఎక్కడ అవుతాది?" అంటారా, రెట్టింపు చేయండి. నెలకు 10,000 పోసినా పాత బండి ఖర్చు 8 లక్షలే. చెడి నిలబడిన రోజుల బాడుగ నష్టం కూడా కలపమంటారు. అదీ కలుపుదాం. నెలకు మూడు రోజులు పోయాయనుకుని, రోజుకు వెయ్యి వేసుకుంటే ఐదేళ్లకు లక్షా 80 వేలు. 5,000 మరమ్మతు లెక్కతో కలిపి చూస్తే 6 లక్షల 80 వేలు. రెట్టింపు మరమ్మతూ, బాడుగ నష్టమూ రెండూ ఒకేసారి నెత్తిన పడితే తప్ప కొత్త బండి ఖరీదే ఎక్కువ. ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవి. మీ ఊరి ధరలు, మీకు చెప్పిన వడ్డీ పెట్టి మీరే వేసుకోండి. అయితే ఐదేళ్లకూ వేయండి. నెల కంతు ఒక్కటి చూసి ఆగకండి.

అసలు గొడవ మొత్తంలో కంటే, డబ్బు ఎప్పుడు చేతికి వస్తుందన్న దగ్గర ఉంది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 670 మిల్లీమీటర్ల దరిదాపు. అదీ ఒక ఏడు పడి, ఒక ఏడు ఎగ్గొట్టేది. ఎస్సార్బీసీ కాలువ కింద వరి పండే ఊళ్లు వేరు. మెట్ట మీద పత్తి, కంది, జొన్న, శనగ, వాము వేసే ఊళ్లు వేరు. మామిడికాయ కోత ఏప్రిల్ నుంచి జూన్ దాకా. అప్పుడు బండికి నిద్ర ఉండదు. ప్యాపిలి వైపు టమాటా దిగుబడి ఉన్నన్నాళ్లు తెల్లారుజామున బాడుగలు. ధర పడిపోతే కాయ కోయరు, కాబట్టి బాడుగా లేదు. నాపరాయికి కట్టడాల పని ఉన్నప్పుడే గిరాకీ. గనుల్లో నీళ్లు నిలిస్తే రాయి రాదు. ఇన్ని ఆటుపోట్ల మధ్య కంతు మాత్రం ప్రతి నెలా అదే తేదీకి వచ్చి నిలబడుతుంది. మూడు నెలలు పనిచేసి తొమ్మిది నెలలు అడపాదడపా తిరిగే బండి మీద పన్నెండు నెలల కంతు మోపడం ఈ నేల తీరు తెలిసినవాడు చేయాల్సిన పని కాదు. సొంత డబ్బుతో కొన్న పాత బండి పని లేని నెలలో వేపచెట్టు కింద నిలబడుతుంది. అన్నం పెట్టమని అడగదు.

మా అబ్బ ఎద్దులు కొనడానికి సంతకు పోయేటప్పుడు నన్ను వెంట తీసుకుపోయేవాడు. పళ్లు చూసేవాడు, గిట్టలు చూసేవాడు, మెడ మీద కాడి కాయ చూసేవాడు. అమ్మేవాడు ఎంత పొగిడినా ఒక మాట కూడా వినేవాడు కాదు. జతను బండికి కట్టించి, ఎత్తు మీదికి తోలి, దిగుడులో ఆపి, అప్పుడు బేరం మొదలుపెట్టేవాడు. పాలపళ్ల కోడెలను అప్పు చేసి తెచ్చి మర్నాడే మడక కట్టిన సేద్యగాణ్ణి నేను మా ఊళ్లో చూడలేదు. ఆరు పళ్లేసి, కడపళ్లు వచ్చి, ఇంకొకరి చేలో పని నేర్చుకున్న ఎద్దుకే గిరాకీ. వయసు వచ్చిందని దాన్ని ఎవరూ నిందించలేదు. పని తెలిసినదని ఇంకో నూరు ఎక్కువ పెట్టారు. అదే ఊరి జనం, అదే సేద్యగాళ్ల బిడ్డలు, ఇప్పుడు ఇనుప బండి దగ్గరికి వచ్చేసరికి ఆ చూపునంతా పక్కన పెట్టి, షోరూము అద్దం వెనక మెరిసేదే మంచిదని ఎలా నమ్మారోనని నాకు బాధగా ఉంటుంది. చూడడం చేతకానప్పుడే కొత్తది అడుగుతాం. మనకు చూడడం వచ్చు.

ఇక బండి చేయాల్సిన పనేమిటో చూడండి. బనగానపల్లె పేరు దేశమంతా మామిడితో తెలుసు. 2017లో ఆ పండుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఇక్కడి బండ్లను రోజూ పోషించేది రాయి. బేతంచెర్ల నుంచి కొలిమిగుండ్ల దాకా ఈ పట్టీ అంతా నాపరాయి నేల. అంగుళం మందం ఉన్న బండ చదరపు అడుగుకు ఆరు కిలోల పైన తూగుతుంది. పది అడుగుల గదికి పరిచే వంద చదరపు అడుగుల రాయి అంటే ఆరు వందల కిలోల పైమాటే. టాటా ఏస్ 2005లో వచ్చినప్పుడు దాని మోత 750 కిలోలు. అంటే ఒక గది రాయి ఒక ట్రిప్పు. ఆ రాయిని పడుకోబెట్టి వేయరు, నిలువుగా పేర్చి, మధ్యన గడ్డి కూరి, తాడు బిగిస్తారు. దింపేటప్పుడు అంచు జారితే తొట్టి రేకు చీరుకుపోతుంది. మొదటి నెలలోనే లోపలి రంగు మొత్తం లేస్తుంది. ఆ తొట్టి కొత్తదైతే యజమానికి గుండె కోత, పాతదైతే ఒక వెల్డింగు ముక్క. మామిడికాయకూ అంతే. దానికి కావాల్సింది అడుగున వరిగడ్డి, పైన పట్టా, గుంతల్లో మెల్లగా తోలే మనిషి. క్యాబిన్‌లో ఏసీ, డాష్‌బోర్డు మీద తెర కాయను కాపాడవు.

టాటా ఏస్ ఊళ్లను గెలిచింది హంగులతో కాదని గుర్తు చేయాలి. రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 గుర్రాల శక్తి ఉన్న చిన్న డీజిల్ ఇంజను. లారీ దూరలేని సందులో దూరింది, మూడు చక్రాల ట్రాలీ మోయలేని బరువు మోసింది. అందుకే చిన్న ఏనుగు అన్నారు. ఆ కాలపు బండ్లలో తీసేయడానికి ఏమీ లేదు, కాబట్టి చెడడానికీ పెద్దగా ఏమీ లేదు. బండ్ల పొగను తగ్గించే బీఎస్-6 నిబంధన 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. చాలా బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే వడపోత ఉంటుంది. సైలెన్సరు బాగా వేడెక్కి, ఒక వేగంతో కొంతసేపు నడిస్తేనే ఆ మసి లోపలే కాలిపోయి వడపోత శుభ్రమవుతుంది. హైవే మీద తిరిగే బండికి ఇబ్బంది లేదు. గని నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి ఊళ్లోకి, మొదటి రెండు గేర్లలో పాకే బండికి ఆ వేడి ఎక్కడిది? వడపోత మసితో పూడుకుపోతుంది, దీపం వెలుగుతుంది, ఇంజను శక్తి తగ్గించుకుంటుంది. అప్పుడు కంప్యూటరు పెట్టి చూడాలి. కంప్యూటరు నంద్యాలలోనో కర్నూలులోనో ఉంటుంది. నంద్యాల 40 కిలోమీటర్ల దరిదాపు, కర్నూలు దాదాపు దానికి రెట్టింపు. "కొత్త బండికి వారంటీ ఉంది కదా" అనేవాళ్లు ఈ రానుపోను, అక్కడ వరుసలో నిలబడిన రోజు, పోయిన బాడుగ ఎవరి లెక్కలో వేస్తారు?

పాత ఇంజను చెడితే బనగానపల్లెలోనే విప్పే చేతులున్నాయి. క్లచ్ ప్లేటు, సెల్ఫు, డైనమో, కమాను పట్టీ, హౌసింగు బేరింగు, వీటికి నల్లని చేతుల కుర్రాడు, ఒక లేతు, ఒక విడిభాగాల అంగడి చాలు. పొద్దున విప్పితే సాయంత్రానికి బిగిస్తాడు. డబ్బు మళ్లీ ఇస్తానన్నా ఒప్పుకుంటాడు. ఆ సాయంత్రపు నమ్మకం ఏ వారంటీ పుస్తకంలోనూ రాసి ఉండదు. పాత బండి ఖర్చు పెట్టిస్తుంది, నిజమే. ఆ ఖర్చు మన ఊరి షెడ్డులో, మనకు తెలిసిన మనిషికి, మన చేతిలో డబ్బున్నప్పుడు పోతుంది.

కొత్త బండికి ఐదేళ్లూ రాబడి ఖాయమని నమ్మలేమనడానికి మన రాష్ట్రంలో ఒక పెద్ద రుజువు కళ్లముందే నడిచి పోయింది. 2021 జనవరి 21న విజయవాడలో జెండా ఊపి రేషన్ ఇంటింటికీ చేర్చే బండ్లను రోడ్డెక్కించారు. రాష్ట్రమంతటా 9,260 బండ్లు. ఒక్కొక్కటి 5,81,190 రూపాయలు. అందులో 60 శాతం, అంటే 3,48,714 రూపాయలు, సబ్సిడీ. లబ్ధిదారు చేతి నుంచి పెట్టింది 58,119. మిగతాది బ్యాంకు అప్పు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ యువకులకు ఇచ్చారు. నెలనెలా ప్రభుత్వమే బాడుగ ఇచ్చేది. ఇంతకంటే ఊతమున్న కొత్త బండి ఉంటుందా? ఆ పద్ధతి 2025 జూన్ 1 నుంచి ఆగిపోయింది. బండ్లు నడిపేవాళ్లకే ఇచ్చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది, రేషన్ మళ్లీ చౌకధరల దుకాణాలకు వెళ్లింది. ఆ నిర్ణయం మంచిదా, ముందటిది మంచిదా అన్నది వేరే చర్చ. నా వాదనకు కావాల్సింది ఒక్క సంగతి. సగానికి పైగా ధర సర్కారు భరించి, నెల బాడుగ సర్కారే ఇచ్చిన బండికి కూడా ఐదేళ్లు నిండా ఒకే రాబడి నిలవలేదు. సబ్సిడీ లేని, ఒప్పందం లేని, పత్తి ధర మీద ఆశతో తెచ్చిన బండికి అరవై నెలల రాబడి ఖాయమని ఏ ధైర్యంతో చెప్తున్నారు?

కంతు తప్పితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. రోడ్డు మీద ఆపి తాళం లాక్కుంటారు, సరుకు దింపించి బండి తోలుకుపోతారు. అప్పు వసూలుకు బలవంతులను పంపడం చట్టం ఒప్పుకోదని సుప్రీంకోర్టు 2007లో ప్రకాశ్ కౌర్ కేసులోనే గట్టిగా చెప్పింది. తీర్పు ఉంది. కానీ రాత్రి పూట డోన్ రోడ్డులో ఒంటరిగా ఆపబడిన డ్రైవరు చేతిలో ఆ తీర్పు ఉండదు.

"పదిహేనేళ్లు దాటితే ఎట్లా అయినా తుక్కే కదా, కొని ఏం లాభం?" ఈ మాట ఈ నాలుగైదేళ్లలో బాగా పాకింది. ఇది సగం తెలిసిన మాట. కేంద్రం 2021 ఆగస్టులో తెచ్చిన తుక్కు విధానంలో ప్రైవేటు బండికి వయసు ఒక్కటే మరణశాసనం కాదు. ఫిట్‌నెస్ పరీక్షలో తప్పితేనే ప్రశ్న. పదిహేనేళ్లు దాటగానే రిజిస్ట్రేషన్ పోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ బండ్లకు పెట్టారు. పదేళ్ల డీజిలు బండి నిషేధం ఢిల్లీ చుట్టుపక్కలది. మనకు వర్తించేది ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ పత్రం. సరుకు బండికి ఎనిమిదేళ్లదాకా రెండేళ్లకొకసారి, ఆ తరువాత ఏటా. బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు ఏటా నిలబడే బండి తుక్కు ఎలా అవుతుంది? వయసు పెరిగేకొద్దీ ఎఫ్‌సీ ఫీజు పెరుగుతుంది, హరిత పన్ను పడుతుంది. ఆ భారాన్ని నేను దాచను, పై లెక్కలో మరమ్మతు రెట్టింపు చేసినప్పుడు దానికీ చోటు పెట్టాను. ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ ప్రీమియం మాత్రం పాతదానికీ కొత్తదానికీ ఒకటే. ఏడున్నర టన్నుల లోపు సరుకు బండికి 2022 జూన్‌లో నిర్ణయించిన రేటు 16,049 రూపాయలు. "జీఎస్టీ తగ్గింది, ఇప్పుడు కొత్తదే చవక" అనే కొత్త వాదం కూడా వింటున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది, మంచిదే. కొత్తదాని ధర దిగితే పాతదాని ధరా దాని వెంటే దిగుతుంది. బేరం ఆడేవాడికి అదీ లాభమే.

పొగ సంగతి చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు. పాత డీజిలు బండి కొత్తదానికంటే ఎక్కువ మసి వదులుతుంది. ఇంజెక్టరు చెడిన బండి వదిలే నల్లపొగ బడి ముందు నిలబడిన పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. కాబట్టి పంపు, ఇంజెక్టర్లు, గాలి ఫిల్టరు బాగు చేయించుకోని పాత బండిని నేను సమర్థించను. బాగు చేయించుకుని, రోజుకు ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగే బండిని నగరంలో పగలూ రాత్రీ తిరిగే వేల బండ్లతో ఒకే గాటన కట్టడాన్ని మాత్రం ఒప్పుకోను.

ఇప్పుడు నా ప్రత్యర్థుల దగ్గరున్న బలమైన ఆయుధం దగ్గరికి వస్తాను. మోసపోయినవాళ్లు. ప్రతి ఊళ్లో ఒకరుంటారు. మా ఇంట్లోనూ ఉన్నాడు. మా చిన్నాయన ఒక దలారి మాట నమ్మి, పక్క పట్టణంలో ఒక పికప్పు కొన్నాడు. కొత్త రంగు, కొత్త సీట్లు, దండ వేసిన అద్దం. రెండు నెలలకు రంగు కింద నుంచి ఛాసీ అతుకు బయటపడింది. నాలుగో నెలలో, పాత యజమాని కట్టని కంతుల కోసం ఫైనాన్సు వాళ్లు వచ్చి బండి తీసుకుపోయారు. చిన్నాయన ఇచ్చిన డబ్బు అంతటితో పోయింది. ఆ దినం మా ఇంటి ముందు చేరిన ప్రతి ఒక్కరూ "చెప్తే విన్నావా, సెకనాండు వద్దంటిమి కదా" అన్నారు. నాకు అప్పుడే అనిపించింది, ఇప్పటికీ అంటున్నాను. చిన్నాయనను ముంచింది బండి వయసు కాదు. ఛాసీ కిందికి దూరి చూడకపోవడం, సీ బుక్కులో ఫైనాన్సు పేరు కొట్టేశారో లేదో చూడకపోవడం, ఓపెన్ ఫారాల మీద సంతకాలు తీసుకుని ఊరుకోవడం. అబ్బ ఎద్దుల విషయంలో ఎప్పుడూ చేయని తప్పు అది.

ఆ ఓపెన్ ఫారాల అలవాటు మన దగ్గర పాత బండికి చేసిన చెడుపు ఇంకేదీ చేయలేదు. 29, 30 నంబరు ఫారాల మీద ఖాళీగా సంతకాలు పెట్టించుకుని, పేరు మార్చకుండా బండి మూడు చేతులు మారుతుంది. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలియజేయాలని చట్టం. పేరు మారకుండా ప్రమాదం జరిగితే రికార్డులో ఉన్న యజమానే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. కాబట్టి అమ్మేవాడికీ ఇది మెడకు చుట్టుకునేదే. ఫైనాన్సు తీరితే 35 నంబరు ఫారం, బయటి జిల్లా నుంచో రాష్ట్రం నుంచో వస్తే నిరభ్యంతర పత్రం, ఎం-పరివాహన్ యాప్‌లో ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు తేదీలు, పెండింగు చలాన్లు, ఇవన్నీ అరగంట పని. దూరపు రాష్ట్రం నంబరుతో చవకగా వచ్చే బండిని మాత్రం అరగంటతో వదలకండి. బీఎస్-3 లారీలను తుక్కు కింద కొని, నాగాలాండ్‌లో బీఎస్-4గా రిజిస్టరు చేయించి తెచ్చారన్న ఆరోపణలతో 2020లో మన పొరుగు తాడిపత్రిలో కేసులు నడిచిన సంగతి అందరికీ తెలుసు. రేషన్ బండి ఎవరైనా అమ్మజూపితే, సబ్సిడీ, అప్పు రెండూ తీరినట్టు కాగితం అడగండి. ఆ పెట్టె బాడీ విప్పి మామూలు తొట్టి చేయించుకుంటే ఆ మార్పు సీ బుక్కులో ఎక్కించడం మరవకండి. ఎక్కించకపోతే ఎఫ్‌సీ దగ్గర ఆగిపోతారు.

బండిని చూడడమూ ఇంతే. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు పోవాలి. మీరు వచ్చేసరికే వేడిగా ఉందంటే, స్టార్టు కాని జబ్బును దాచారేమోనని అనుమానించాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుస్తోంది, బోరు పని దగ్గరపడిందని అర్థం. ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత తీసినప్పుడు గుప్పున ఆవిరి కొడితే అదే కథ. కమాను పట్టీల్లో ఏవి కొత్తవి, ఏవి విరిగి మార్చినవో చూస్తే ఆ బండి ఎంత అధిక బరువు మోసిందో తెలుస్తుంది. ఇసుక తోలిన బండి ఛాసీ లోపలి అంచుల్లో తుప్పు తిని ఉంటుంది. వేలితో తడిమి చూడండి, కంటికి కనపడదు. రంగు కొత్తగా ఉన్న ఛాసీని మాత్రం నమ్మకండి.

ఒక విషయంలో నేను పొదుపు మాట వినను. బ్రేకులు, లైట్లు, టైర్లు. ధర బేరమాడి మిగిల్చుకున్న మొదటి డబ్బు వాటి మీదే పెట్టాలి. ఇంకొకటి, తొట్టిలో మనుషులను ఎక్కించడం. పత్తి ఏరడానికి పోయే ఆడకూలీలను, పెండ్లివాళ్లను, యాగంటికి పోయే భక్తులను సరుకు బండిలో నిలబెట్టి తోలడం మన దగ్గర రోజూ చూస్తాం. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్నవాళ్లకు ఇన్సూరెన్సు కంపెనీ నష్టపరిహారం ఇవ్వక్కరలేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు ఏనాడో చెప్పింది. ప్రమాదం జరిగితే పోయేది పేదల ప్రాణం, అమ్మినా తీరనిది యజమాని అప్పు. బండి పాతదైనా కొత్తదైనా ఇది చేయకూడని పని.

చివరికి పరువు. పిల్లనిచ్చేవాళ్లు ఇంటి ముందు కొత్త బండి చూసి ముచ్చటపడతారని, పాతది చూస్తే "ఈ ఇంట్లో కలిసి రాలేదు" అనుకుంటారని ఒక భయం. ఈ భయం మీదే షోరూముల బేరం నడుస్తోంది. ఐదేళ్లు పూర్తయ్యేదాకా సీ బుక్కు మీద ఫైనాన్సు పేరున్న బండిని మనదని చూపించడంలో పరువేముంది? ఇంటి ముందు నిలబడ్డ పాత పికప్పు ఎవరికీ పైసా బాకీ లేదంటే, పిల్లనిచ్చే తండ్రి చూడాల్సింది అదే.

ఈ సంవత్సరం పంట డబ్బు చేతికొచ్చాక బండి కొనబోయే తమ్ముళ్లకు నాదొక విన్నపం. షోరూములో సంతకం పెట్టే ముందు, ఊళ్లో ఇప్పటికే బండి తోలుతున్న ఒకరి దగ్గర కూర్చోండి. పోయిన ఏడాది నిజంగా బాడుగ దొరికిన రోజులు ఎన్నో నెలనెలా చెప్పించుకుని కాగితం మీద రాసుకోండి. అన్నిటికంటే తక్కువ పని దొరికిన నెల కింద గీత గీసి, ఆ నెల కంతు ఏ డబ్బుతో కడతారో పక్కన రాయండి. రాయడానికి ఏమీ దొరక్కపోతే ఇంకో పంట ఆగండి. అప్పుడు ఒక మెకానిక్కును వెంటబెట్టుకుని, తెల్లారకముందే బయలుదేరి పాత బండి చూడడానికి పోండి.